గాలిలో బదుళ్లు

కంది చేలల్లో కలుపు ముదిరే రోజుల్లో మా వైపు బదుళ్లు నడుస్తాయి. ఈరోజు మీ చేనుకు నేనొస్తాను, ఎల్లుండి మా చేనుకు మీరొస్తారు. కూలి డబ్బుల మాటే ఉండదు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో ఎవరూ రాసిపెట్టుకోరు, అయినా అందరికీ గుర్తుంటుంది. బదులు తీసుకుని మళ్లీ ముఖం చూపించని మనిషి కూడా అంతే గట్టిగా గుర్తుంటాడు. యాలాల్ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఇదంతా కొత్త కాదు. సైకిల్ రేసు గురించి రాస్తూ కలుపు సంగతి ఎందుకెత్తానంటే, రోడ్డు మీద గుంపుగా సాగే సైకిల్ పోటీ మొత్తం బదుళ్ల మీదే నడుస్తుంది. అక్కడ ఇచ్చిపుచ్చుకునేది ఎదురుగాలి.

మా అక్క కొడుకు తాండూరులో డిగ్రీ చదువుతున్నాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే, "మామా, సైకిల్ రేసుల పేరిచ్చిన" అన్నాడు. అరవై కిలోమీటర్ల పోటీ. అనుభవం లేనివాళ్లు కూడా తొక్కవచ్చు. వాడి దగ్గరున్నది స్టీలు ఫ్రేము గేరు సైకిల్, అదీ పాతది. నేను ఏ సైకిల్ కొనాలో, ఏం తినాలో అడుగుతాడనుకున్నాను. వాడు అడిగింది వేరు.

"అందరికంటే ఎనుక పడితే నవ్వుతరా మామా?"

ఈ అధ్యాయం ఆ ప్రశ్నకే జవాబు.

మన మాటల్లో వెనకబడడం అంటే చెడ్డదే. చదువులో వెనకబడ్డాడు అంటాం, వెనకబడిన ప్రాంతం అంటాం. చిన్నప్పటి నుంచీ ఆ మాట చెవిలో పడీ పడీ, ఒకరి వెనుక ఉండటమంటేనే నామోషీ అయిపోయింది. మొదటిసారి పోటీకి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది జెండా ఊపగానే ప్రాణాలొడ్డి ముందుకు దూకేది అందుకే. పదో కిలోమీటరు దాకా ముందుంటారు. పదిహేనో కిలోమీటరు దగ్గర తొడలు బిగుసుకుపోతాయి. ఆ తర్వాత గుంపు వాళ్లను దాటి వెళ్లిపోతుంది, మిగతా నలభై అయిదు కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాలి. ఆరంభ శూరత్వం అనే మాట మనకు ఊరికే పుట్టలేదు.

సైకిల్ మీద ఉన్న మనిషికి అసలు ప్రత్యర్థి గాలి. నిదానంగా పోతున్నప్పుడు అది తెలియదు. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగానికి చేరాక, చదునైన రోడ్డు మీద మన కాళ్ల శక్తిలో సగానికి మించి, చాలాసార్లు ముప్పావు వంతు దాకా, గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. పైగా వేగం పెరిగిన లెక్కన గాలి భారం పెరగదు, అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. ఇరవై నుంచి ముప్పైకి వెళితే వేగం ఒకటిన్నర రెట్లే అయింది. గాలి మీద పెట్టాల్సిన శక్తి మాత్రం మూడు రెట్లు దాటుతుంది. "ఇంకాస్త గట్టిగా తొక్కితే సరి" అనుకునేవాడు ఎందుకు అంత తొందరగా కూలిపోతాడో ఈ లెక్కలోనే ఉంది.

ముందున్న సైకిల్ వెనుక ఒక గాలి చాటు ఏర్పడుతుంది. అందులోకి వెళితే అదే వేగాన్ని దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ శ్రమతో నిలుపుకోవచ్చు. పెద్ద గుంపు మధ్యలో ఉంటే ఇంకా తేలిక. 2018లో బెర్ట్ బ్లాకెన్ అనే శాస్త్రవేత్త బృందం 121 మంది గుంపును నమూనాగా తీసుకుని పరిశీలించింది. గుంపు లోపలి భాగంలో, వెనుక వరసల్లో ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవాడికి తగిలే దానిలో పదో వంతుకు కూడా పడిపోతుందని తేల్చింది. మన ఊరి పోటీలో 121 మంది అంత దగ్గర దగ్గరగా తొక్కలేరు, తొక్కకూడదు కూడా. అయినా అయిదుగురు కలిసినా తేడా ఒంటికి తెలుస్తుంది. కాబట్టి నా మేనల్లుడికి నేను మొదట చెప్పింది ఇదే: వెనుక ఉండటం నేర్చుకో. అది ఓటమి కాదు, విద్య.

విద్య అన్నాను కాబట్టి నేర్చుకోవాలి. తెలిసిన మిత్రుడితో, ఖాళీ రోడ్డు మీద, మొదట రెండు మీటర్ల దూరంలో వెనుక నడపండి. వారం తర్వాత ఒక మీటరు. ముందున్నవాడి చక్రాన్నే గుడ్లప్పగించి చూడొద్దు. మీ చూపు ముందున్న మనిషి భుజాల మీదుగా రోడ్డు మీదికి పోవాలి. అతని వెనుక చక్రం పక్కకు మీ ముందు చక్రం పోకూడదు. అతను కొద్దిగా పక్కకు జరిగి రెండు చక్రాలు రాసుకుంటే పడిపోయేది మీరే, అతను కాదు. ఉన్నట్టుండి బ్రేకు వేయొద్దు. వేగం ఎక్కువనిపిస్తే తొక్కడం ఆపండి, నడుము నిటారు చేసి ఛాతీకి గాలి తగలనివ్వండి, అదే మెత్తటి బ్రేకు. గుంత కనబడితే చెయ్యి కిందికి చూపించాలి, నోటితో చెప్పాలి. గుంపులో ముందున్నవాడి కళ్లే వెనకున్నవాళ్లందరి కళ్లు. ఈ పని బద్ధకించేవాడి వెనుక నేను తొక్కను, ఎంత వేగంగా తొక్కేవాడైనా సరే.

మీ వంతు రాగానే ముందుకు వెళ్లాలి. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఇంతసేపు వెనుక ఉన్నాను, ఇప్పుడు నా సత్తా చూపిస్తానని వేగం పెంచేస్తారు. గుంపు తెగిపోతుంది. బదులుకు వచ్చినవాడు పక్క సాలు వాళ్లను వదిలేసి తానొక్కడే చేను చివరికి పరుగెత్తితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఉన్న వేగాన్నే ఒకటి రెండు నిమిషాలు నిలబెట్టండి. అలసట రాకముందే పక్కకు తప్పుకోండి. వరస మిమ్మల్ని దాటేదాకా కొద్దిగా నెమ్మదించి, చివరి చక్రాన్ని పట్టుకోండి. అలసిపోయాక తప్పుకుంటే ఆ చివరి చక్రం అందదు. పూర్తిగా ఒట్టిపోయేదాకా ఇవ్వడం కాదు, మళ్లీ ఇవ్వగలిగేటట్టు ఇవ్వడమే ఇక్కడి ధర్మం. మా వాడికి ఇది ఎక్కడానికి మూడు ఆదివారాలు పట్టింది.

ఒంట్లో బాగాలేనప్పుడు వంతు తీసుకోకపోవచ్చు, అందులో తప్పు లేదు. చెయ్యి ఊపి వెనుకే ఉంటానని చెప్పాలి, అంతే. యాభై తొమ్మిది కిలోమీటర్లు ఒక్క వంతూ మోయకుండా దాక్కుని, చివరి కిలోమీటరులో అందరినీ దాటి చేతులెత్తడానికి కూడా నియమాలు ఒప్పుకుంటాయి. దాన్ని తెలివి అనేవాళ్లున్నారు. డబ్బు కోసం తొక్కేవాళ్ల సంగతి నాకు తెలియదు గానీ, ఆదివారం పొద్దున సరదాగా వచ్చిన పోటీలో ఆ గెలుపు నాకు రుచించదు. ఫ్రెంచి వాళ్లకు ఈ రుణం బాగా తెలుసు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్‌లో ప్రతి జట్టుకూ దొమెస్తీక్ అని పిలిచే సైకిలిస్టులుంటారు. ఆ మాటకు ఇంటి నౌకరు అని అర్థం. నాయకుడికి ముందు నడిచి గాలి మోయడం, వెనక్కి వెళ్లి నీళ్ల సీసాలు తేవడం, అతని చక్రం పాడైతే తమది ఇచ్చేయడం వాళ్ల పని. గెలిచినవాడు తన బహుమతి సొమ్మును వాళ్లకు పంచడం చాలాకాలంగా వస్తున్న ఆనవాయితీ. గెలుపు గుర్తయిన పసుపు చొక్కా ఒక్కడికే దక్కుతుంది, బదులు తీర్చడం మాత్రం తప్పదు.

ఇక మన రోడ్లు. ఏ ఊళ్లో సాధన చేస్తే ఆ ఊరి గాలినీ వాలునూ చదవడం వస్తుంది. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టలు నీళ్లను రెండు దిక్కులకు పంచే చోటు. అక్కడ పుట్టిన మూసీ తూర్పుకు, హైదరాబాద్ మీదుగా వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన కాగ్నా పడమటికి పారి కర్ణాటకలో భీమలో కలుస్తుంది, భీమ వెళ్లి అదే కృష్ణలో పడుతుంది. సైకిల్ తొక్కేవాడికి దీని అర్థం ఒక్కటే, ఎటునుంచి పోయినా అనంతగిరికి ఎక్కుడే. తాండూరు సముద్ర మట్టానికి దాదాపు 450 మీటర్ల ఎత్తున ఉంటే వికారాబాద్ దాదాపు 640 మీటర్ల ఎత్తున ఉంది. నలభై కిలోమీటర్లలో పరుచుకున్న ఆ ఎత్తు బస్సులో కూర్చున్నవాడికి కనబడదు. తొడలకు కనబడుతుంది.

దానికి గాలిని కలపండి. వానాకాలమంతా మనకు గాలి పడమటి నుంచి వీస్తుంది. తాండూరు నుంచి పొద్దున వికారాబాద్ వైపు బయల్దేరితే ఎక్కుడైనా వీపు మీద చెయ్యి పెట్టి ఎవరో తోస్తున్నట్టుంటుంది. కుర్రాడికి తన బలం మీద లేనిపోని నమ్మకం వస్తుంది. దారిలోని ధారూర్ దాటి ఇంకాస్త ముందుకు పోయి వెనక్కి తిరుగుతాడు. ఇప్పుడు దిగుడే, అయినా బండి కదలదు. మా వాడికి సరిగ్గా ఇదే జరిగింది. జులైలో ఒకరోజు ఒక్కడే వెళ్లాడు. పోయేటప్పుడు ఫోన్ చేసి "మామా, రెక్కలొచ్చినయ్" అన్నాడు. రెండు గంటల తర్వాత చేసిన ఫోన్‌లో గొంతు మారిపోయింది. "దిగుట్ల గూడ తొక్కాల్సొస్తంది మామా, నాతోని అయితలేదు." రోడ్డు పక్క చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. బండి వేసుకుని వెళ్లి తీసుకొచ్చాను. వాడి తప్పు కాలి బలంలో లేదు, దిక్కు ఎంచుకోవడంలో ఉంది. ఒంటరిగా వెళ్లేటప్పుడు ముందు ఎదురుగాలిలోకి వెళ్లాలి, తిరిగి వచ్చేటప్పుడు గాలి ఇంటికి తోసుకురావాలి. ఈ ఒక్క అలవాటుతో సగం కష్టాలు పోతాయి. ధారూర్‌లో నవంబరులో జరిగే క్రైస్తవ జాతర రోజుల్లో మాత్రం ఆ రోడ్డు వదిలేయండి. వేల మంది నడిచే దారిలో సాధన ఏమిటి?

ఇంకో సంగతి, మన ప్రాంతానికే ప్రత్యేకమైనది. తాండూరు అంటే నాపరాయి, సిమెంటు. ఆ బండల లారీలు మలుపుల్లో ముక్కలు రాల్చిపోతాయి. అంచున తెల్లటి పొడి పేరుకుంటుంది. ఎండలో అది కళ్లల్లో పడుతుంది, వాన చినుకు తగిలిందా సబ్బు పూసిన గచ్చులా జారుతుంది. తడి మలుపులో బ్రేకు పట్టకండి, మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, లోపలి వైపు పెడల్ పైకి ఉంచి వదిలేయండి. ఆపాల్సి వచ్చినప్పుడు రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. ముందు బ్రేకే ఎక్కువగా ఆపుతుంది, అదే ఎక్కువగా పడేస్తుంది కూడా, అందుకే దాన్ని మెల్లగా బిగించడం నేర్చుకోవాలి. లారీ వెనుక గాలి చాటు బాగుంటుందని కొందరు కుర్రాళ్లు దాని వెంట పడతారు. దయచేసి ఆ పని చేయకండి. ముందేముందో మీకు కనబడదు, మీరున్నట్టు అతనికి తెలియదు. ఇద్దరికీ తెలియని చోట బదులు ఉండదు.

సైకిల్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని గురించే అందరూ ఎక్కువ చెబుతారు. పాత స్టీలు సైకిల్ కొత్త రేసు సైకిల్ కంటే ఎనిమిది, తొమ్మిది కిలోలు ఎక్కువ బరువుండొచ్చు. మనిషితో కలిపి చూస్తే అది మొత్తంలో తొమ్మిదో వంతు దాకా అవుతుంది. అనంతగిరి లాంటి గుట్ట ఎక్కేటప్పుడు ఆ మేరకు కష్టం తప్పదు. చదునులో మాత్రం దాని వల్ల వచ్చే నష్టం చాలా స్వల్పం, అక్కడ లెక్కలోకి వచ్చేది గాలే. కాబట్టి మొదటి పోటీకి అప్పు చేసి సైకిల్ కొనొద్దు. టైర్లు కొత్తవి వేయించండి, రిమ్ము బెండు తీయించండి, బ్రేకు రబ్బర్లు మార్పించండి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద ఉంచితే, పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు చాచినట్టు ఉండాలి, అదీ సీటు ఎత్తు. మన దగ్గర ఎక్కువమంది సీటును రెండంగుళాలు కిందికి పెట్టుకుని తొక్కుతారు, మోకాళ్ల నొప్పులు అక్కడే మొదలవుతాయి. హెల్మెట్ లేకుండా మాత్రం గేటు దాటొద్దు. పంక్చర్ వేసుకోవడం మీకే రావాలి. కిరాయి సైకిల్ దుకాణాల్లో కైంచి తొక్కుడు నేర్చుకున్న మా తరానికి ట్యూబు విప్పి, నీళ్లలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూసి అతికించడం ఆటలో భాగం. మీరు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నా సరే, ఒకసారి చేత్తో చేసి చూసుకోండి.

పేరు ఇచ్చే ముందు నిర్వాహకుల్ని అడగాల్సినవి ఉన్నాయి. మొహమాటపడొద్దు. రోడ్డుకు పోలీసు అనుమతి ఉందా, వాహనాలు ఆపుతారా లేక ట్రాఫిక్ మధ్యలోనే తొక్కాలా? అంబులెన్సు వెంట వస్తుందా? మలుపుల్లో జెండాలతో మనుషులుంటారా? అన్నిటికంటే ముఖ్యంగా, అందరూ ఒకేసారి బయల్దేరే పోటీయా, ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలే టైమ్ ట్రయలా? టైమ్ ట్రయల్‌లో ఇంకొకరి గాలి చాటుకు వెళ్లడం నిషేధం, ఇంతసేపు నేను చెప్పినదంతా అక్కడ తప్పు అవుతుంది. అంబులెన్సు గురించి అడిగితే చిరాకుపడే నిర్వాహకుల పోటీకి నేను మా వాణ్ని పంపను.

నేరుగా పోటీలోకి దిగడానికి బెరుకుగా ఉంటే ఇంకో దారుంది. హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా బ్రెవేలు జరుగుతున్నాయి. ఇవి పోటీలు కావు, గడువులోగా పూర్తి చేయడమే పని. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు ఇస్తారు. మొదట వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ తేడా చూపించరు. ఈ తరహా ప్రయాణాల్లో పేరున్నది ఫ్రాన్సులో 1891లో పోటీగా మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్. ఇప్పుడు అది నాలుగేళ్లకోసారి జరుగుతుంది, దాదాపు 1200 కిలోమీటర్లు. వాహనాల భయం లేకుండా గుంపులో తొక్కడం అలవాటు చేసుకోవాలంటే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల పొడవున ప్రారంభమైన సైకిల్ దారి ఉంది. పైన సోలార్ పలకల కప్పు, కింద సైకిళ్లకే కేటాయించిన దారి. తాండూరులో పొద్దున రైలెక్కితే చేరుకోవచ్చు. ఆదివారాలు అక్కడి నుంచి అనంతగిరి దాకా తొక్కుకుంటూ వచ్చే నగరవాసులు కూడా చాలామంది ఉన్నారు. వాళ్లు మన గుట్ట కోసం అంత దూరం వస్తున్నారంటే, గుట్ట కిందే ఉన్న మనం దాన్ని ఎంత వాడుకుంటున్నామో ఆలోచించుకోవాలి.

తిండి విషయంలో మనకు కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే. పోటీకి ముందు రాత్రి జొన్న రొట్టె, పప్పు, అన్నం, ఏది అలవాటైతే అది. కొత్తది ఏదీ ఆ రోజు ప్రయత్నించవద్దు. రెండు గంటల పైగా తొక్కేటప్పుడు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఒక అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి గంటకు ఒక పండు, నాలుగు ఖర్జూరాలు చొక్కా వెనుక జేబులో చాలు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. నీళ్లలో ఓఆర్ఎస్ కలుపుకోండి. ఇంట్లోనే చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అంచనాతో వేయొద్దు. ఎండాకాలంలో తల తిరిగినా, చెమట ఆగిపోయినా, చలి పుట్టినా అక్కడే దిగి నీడకు వెళ్లాలి. దిగిపోవడం సిగ్గు అనుకునేవాళ్లను ఎవరూ కాపాడలేరు.

పోటీ రోజు పొద్దున ఆరింటికి మా వాడు వరసలో ముప్పయ్యో, నలభయ్యో మనిషిగా నిలబడ్డాడు. నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. జెండా ఊపగానే అయిదారుగురు కుర్రాళ్లు కేకలు వేస్తూ దూసుకుపోయారు. వాడి భుజాలు కూడా ముందుకు వంగాయి, సీటు మీద నుంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేను చూశాను. ఆ రోజు వాడు చేసిన కష్టమైన పని అదేనని ఇప్పటికీ అనుకుంటాను. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఆ అయిదారుగురిలో ముగ్గురిని వాడున్న గుంపు అందుకుంది. వాళ్లను దాటిపోతుంటే వాడు తల తిప్పి, "ఎనుక చక్రం పట్టుకో అన్నా, రా" అని పిలిచాడట. ఒకరు పట్టుకున్నారు. ఇద్దరికి అప్పటికే అయిపోయింది.

వాడు పంతొమ్మిదో స్థానంలో వచ్చాడు. ఎనిమిది మంది గుంపుతో కలిసి, వంతులు మోస్తూ వచ్చాడు. గీత దాటి, సైకిల్ దిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. నీళ్లు తాగాక, ముందు తన పక్కన వచ్చిన మనిషి దగ్గరకు పోయాడు. ఆయనకు నలభై అయిదేళ్లు ఉంటాయి. చివరి పదిహేను కిలోమీటర్లలో ఎదురుగాలి ముదిరినప్పుడు ఆయన తన వంతు కంటే రెండు సార్లు ఎక్కువ ముందు నడిచాడట.

"నీ బదులు రెండున్నయ్ నా మీద, అన్నా" అన్నాడు వాడు.

ఆయన నవ్వి, వచ్చే ఆదివారం ఏ రోడ్డు మీద తొక్కుతావని అడిగాడు. కాగ్నా వంతెన దగ్గర అయిదున్నరకు కలుద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఇంటికొచ్చాక రాయిపొడి పట్టి తెల్లబడిన చైనును వాడు గుడ్డతో తుడిచి, ఒక్కొక్క లింకుకూ నూనె చుక్క వేస్తుంటే నేను పక్కన కూర్చుని వెనుక చక్రం తిప్పాను.